మూడో సిలిండర్: చల్లగా ఉంటే 86, వేడెక్కితే 169 – కంప్రెషన్ పరీక్షపై ఒక కేస్ స్టడీ

ఈ జనవరిలో విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు ఒక కారు వచ్చింది. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, 1,197 సీసీల పెట్రోల్ ఇంజిన్. ముప్పై వేల కిలోమీటర్ల దగ్గర బయట సీఎన్‌జీ కిట్టు వేయించారు. మీటరు మీద 1,12,000 కిలోమీటర్లు ఉన్నాయి. యజమాని గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ రోజూ విజయవాడ కళాశాలకు వచ్చి పాఠం చెప్పి వెళ్లే మాస్టారు. తెల్లవారి బండి తీయగానే మూడు నాలుగు నిమిషాలు మిస్సింగ్ కొడుతోందని (ఒక సిలిండర్ సరిగ్గా మండక ఇంజిన్ కుదుపులు పడుతోందని), చెక్ ఇంజిన్ దీపం మిణుకుమిణుకుమంటోందని, మంగళగిరి దాటేసరికి ఏ లోపమూ లేనట్టు పరుగెడుతోందని చెప్పారు. డిసెంబరు మొదటి వారం నుంచి ఇదే వరస.

మా దగ్గరికి రాకముందే ఆయన రెండు షెడ్లకు వెళ్లారు. మొదటిచోట కంప్రెషన్, అంటే సెల్ఫ్ కొట్టినప్పుడు సిలిండర్ గాలిని ఎంత పీడనానికి నొక్కుతోందో గేజీతో చూసి నాలుగు సిలిండర్లూ బాగున్నాయని తేల్చి, ప్లగ్గులు, మూడో కాయిల్ మార్చి, ఇంజెక్టర్లు శుభ్రం చేసి పంపారు. మిస్సింగ్ అలాగే ఉంది. రెండోచోట కంప్రెషన్ చూసి మూడో సిలిండర్ సగానికి సగం పడిపోయిందని, హెడ్డు (సిలిండర్ల మీద వాల్వులుండే భాగం) దించి రింగులు (పిస్టన్ చుట్టూ గాలి కారకుండా ఆపే వలయాలు) కూడా వేయాలని, 45,000 రూపాయల దాకా అవుతుందని చెప్పారు. రెండుచోట్లా అంకెలు రాసిచ్చిన కాగితాలు ఆయన జాగ్రత్తగా దాచి తెచ్చారు.

"మేస్త్రి గారూ, ఒకరు బాగుందన్నారు, ఒకరు పోయిందన్నారు. మధ్యలో పట్టుమని పది రోజులు కూడా లేవండీ. ఎవరి మాట నమ్మమంటారు?" అని అడిగారు.

నేను ఆ కాగితాలు చూసి ఒక్కటే అడిగాను. "రెండు పరీక్షలూ ఏ వేళప్పుడు చేశారండీ, మాస్టారూ?"

మొదటి షెడ్డుకు ఆయన సాయంత్రం కళాశాల నుంచి నేరుగా వెళ్లారు, బండి ఆపగానే ప్లగ్గులు విప్పి చూశారు. రెండో షెడ్డులో రాత్రి బండి వదిలేసి వచ్చారు, పొద్దున్నే చూసి ఫోన్ చేశారు. ఇద్దరిలో ఎవరూ తప్పు చదవలేదన్న అనుమానం నాకు ఆ జవాబుతోనే కలిగింది. ఆ అనుమానాన్ని ఎలా పరీక్షించాను, ఏం దొరికింది, వేడి వల్ల గేజీ అంకె ఎందుకు మారుతుంది అన్నదే ఈ రాతలోని విషయం.

పరీక్షకు ముందు చేసినవి

స్కానర్‌లో పీ0303, అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్ కోడ్ నిల్వ ఉంది. దానితో పాటు నమోదైన వివరాల్లో కూలెంట్ ఉష్ణోగ్రత 27 డిగ్రీలుగా కనిపించింది. వేడి ఇంజిన్ మీద ఒక్కసారి కూడా ఆ కోడ్ పడలేదు. కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ ఒక సిలిండర్ నుంచి మరొకదానికి మార్చి చూసినా కోడ్ మూడును వదలలేదు. పెట్రోల్ మీద నడిపినా, గ్యాస్ మీద నడిపినా అదే. కాబట్టి లోపం నిప్పులోనూ ఇంధనంలోనూ లేదు, సిలిండర్ గాలిని పట్టి ఉంచడంలోనే ఉంది.

ఆ రాత్రి బండిని షెడ్డులోనే ఉంచాం. సాయంత్రం, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, నాలుగు ప్లగ్గులనూ పావు చుట్టు వదులు చేసి మళ్లీ బిగించాను. హెడ్డు అల్యూమినియంది, ప్లగ్గు ఉక్కుది. బాగా కాగిన హెడ్డులోంచి, ఎన్నాళ్లుగానో కదలని ప్లగ్గును బలంగా తిప్పితే మరలు ఊడివచ్చే ప్రమాదం ఉంది. ముందుగా పట్టు విడిపించి పెట్టుకుంటే వేడి పరీక్ష వేళ సులువుగా వస్తాయి. బ్యాటరీని రాత్రంతా చార్జింగ్‌లో పెట్టాం. తెల్లవారి 12.6 వోల్టులు ఉంది. సీఎన్‌జీ సిలిండర్ వాల్వు మూసి, పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజెక్టర్ల, కాయిళ్ల కప్లర్లు విప్పాం. ఈ బండిలో గాలిని లోపలికి వదిలే త్రాటిల్ పలక తీగతో కాక మోటారుతో తెరుచుకుంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా ఆ పలక పూర్తిగా తెరుచుకుంటుందన్న నమ్మకం ఉండదు కాబట్టి గాలి గొట్టం విప్పి, పలక తెరిచే ఉందని కళ్లతో చూసుకున్నాం. సగం మూసుకున్న పలకతో తీసిన అంకె దేనికీ కొరగాదు.

గేజీ గొట్టంలోని చిన్న వాల్వు ప్లగ్గు రంధ్రంలో బిగించే కొస దగ్గరే ఉండాలి. అది గేజీ దగ్గర ఉంటే గొట్టంలోని ఖాళీ అంతా దహన గదికి కలిసి అంకెను తగ్గిస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే గేజీ, ఒకే గొట్టం వాడాను. ప్రతి సిలిండర్‌కూ ఆరు కంప్రెషన్ స్ట్రోకులు లెక్కపెట్టి ఆపాను.

మూడు ఉష్ణోగ్రతలు, మూడు వరసలు

ఉదయం ఆరున్నరకు కూలెంట్ 22 డిగ్రీలు. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పే వేగం స్కానర్‌లో 212 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). ఒకటి నుంచి నాలుగు వరకు వచ్చిన రీడింగులు 156, 154, 86, 157 పీఎస్‌ఐ (పీడనం కొలమానం). చివర మళ్లీ ఒకటో సిలిండర్ చూస్తే 155 వచ్చింది. ఇలా మొదటిదాన్ని చివర మరోసారి చూడడం నాకు అలవాటు. పరీక్ష సాగుతుండగా బ్యాటరీ జారిందా, ఇంజిన్ చల్లారిందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.

అంకె ఎంత వచ్చిందన్నదే కాక ఎలా వచ్చిందన్నదీ చూడాలి. మిగతా మూడూ మొదటి స్ట్రోకుకే 90 దాటి, నాలుగో స్ట్రోకుకల్లా పైకి చేరాయి. మూడోది మొదటి స్ట్రోకుకు 50 దగ్గర నిలబడి, ఆపై నత్తనడకన 86కు వచ్చి ఆగిపోయింది. రింగుల దగ్గర కారే సిలిండర్ సాధారణంగా తక్కువలో మొదలై స్ట్రోకు స్ట్రోకుకూ పుంజుకుంటుంది. వాల్వు దగ్గర కారేది మొదట్లోనూ తక్కువే, చివరా తక్కువే.

తరువాత ప్లగ్గులు బిగించి, కప్లర్లు పెట్టి, బండిని నిలబెట్టి కూలెంట్ 60 డిగ్రీలు వచ్చేదాకా నడిపాం. మళ్లీ విప్పి చూస్తే 166, 165, 140, 167. ఆపైన నేనే బండి తీసుకుని బెంజి సర్కిల్ మీదుగా కనకదుర్గ వారధి దాటి మంగళగిరి దాకా వెళ్లి వచ్చాను. కూలెంట్ 88 డిగ్రీలు, సెల్ఫ్ వేగం 248 ఆర్‌పీఎం, రీడింగులు 176, 174, 169, 177. ప్లగ్గులు బయటికొచ్చాక ఇంజిన్ త్వరగా చల్లారుతుంది కనుక నాలుగు సిలిండర్లనూ పది నిమిషాల్లో ముగించాం.

అంతదూరం నడపడం ఎందుకు, నిలబెట్టి వేడి చేస్తే చాలదా అని మా కుర్రాడు అడిగాడు. చాలదు. నిలబెట్టిన బండిలో కూలెంట్ పది నిమిషాల్లో 88కి చేరినా ఇంజిన్ ఆయిల్ చాలా వెనకబడి ఉంటుంది. స్కానర్ చూపే 88 నీటిది, నూనెది కాదు. నూనె చిక్కగా ఉంటే సెల్ఫ్ మోటారుకు బరువు ఎక్కువై వేగం తగ్గుతుంది, అంకె కూడా కిందికి వస్తుంది. వేడి ఇంజిన్ అంటే నూనె కూడా కాగిన ఇంజిన్ అని నా లెక్క, అందుకు రోడ్డు మీద ఇరవై నిమిషాలైనా తిప్పాల్సిందే.

ఇప్పుడు ఆ మూడు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు చలి నుంచి వేడికి సరిగ్గా ఇరవై పీఎస్‌ఐ చొప్పున పెరిగాయి. మూడోది ఎనభై మూడు పెరిగింది. మొదటి షెడ్డులో 169 లాంటి అంకె చూశారు, మిగతావాటికీ దానికీ తేడా ఎనిమిది, అది చాలా మాన్యువళ్ల ప్రకారం హద్దులోనే ఉంటుంది. రెండో షెడ్డులో 86 లాంటిది చూశారు. ఇద్దరూ నిజమే చదివారు. ఏ ఉష్ణోగ్రత దగ్గర చదివారో మాత్రం ఏ కాగితం మీదా లేదు.

ఆ ఇరవై ఎక్కడిది

ఆరోగ్యంగా ఉన్న సిలిండర్ కూడా వేడెక్కితే ఎందుకు పెరుగుతుంది? లోహం వ్యాకోచించి రింగులు బిగుస్తాయి కాబట్టి అని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. అందులో నిజం కొంతే. ఇంజిన్ ఆపి సెల్ఫ్ కొట్టే వేళ రింగూ, ఇనుప లైనరూ దాదాపు ఒకే వేడి మీద ఉంటాయి, రెండూ ఇంచుమించు ఒకే తీరున సాగుతాయి, కనుక రింగు కొసల మధ్య సందు పెద్దగా మారదు. పైగా పలచబడ్డ నూనె రింగుల చుట్టూ చిక్కటి నూనె అంత బాగా మూత వేయదు. అంటే నూనె వైపు నుంచి చూస్తే వేడి కాస్త నష్టమే చేస్తుంది.

అసలు కారణం గాలి పోగొట్టుకునే వేడిలో ఉంది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడే పీడనాన్ని ఇంకా పెంచుతుంది. చుట్టూ గోడలు 22 డిగ్రీలలో ఉంటే గాలి తన వేడిని వాటికి ఇచ్చేస్తుంది, పీడనం ఆ మేరకు దిగుతుంది. గోడలు 88లో ఉంటే ఇచ్చేది తక్కువ. దీన్ని లెక్కలో చెప్పాలంటే, వేడి ఏమీ పోకపోతే పీడనం కంప్రెషన్ నిష్పత్తి మీద 1.4 ఘాతంతో పెరుగుతుంది. ఈ ఇంజిన్ నిష్పత్తి పదికి ఒకటి అనుకుంటే అది పాతిక రెట్ల వాతావరణ పీడనం అవుతుంది, గేజీలో 350 పీఎస్‌ఐ దాటాలి. అలా ఎన్నడూ రాదు. ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ పైకి బయల్దేరాక గానీ మూసుకోదు కాబట్టి సెల్ఫ్ వేగంలో నిజంగా నొక్కబడేది ఎనిమిదికి ఒకటి దాకానే. వేడి పోవడం వల్ల ఘాతం 1.4 కూడా నిలవదు. ఎనిమిది నిష్పత్తి మీద ఘాతం 1.20 అయితే గేజీ అంకె సుమారు 164, 1.25 అయితే సుమారు 183. ఘాతంలో అంత చిన్న మార్పు గేజీ మీద పంతొమ్మిది పీఎస్‌ఐ అయి కూర్చుంటోంది. మా ఇరవైలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వచ్చిందని చెప్పడానికి ఈ లెక్క దారి చూపుతుంది.

రెండో కారణం వేగం. నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో గాలి కారిపోవడానికీ, చల్లారడానికీ ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. దీన్ని విడదీసి చూడాలని మర్నాటి ఉదయం చల్లటి ఇంజిన్‌కే రెండో బ్యాటరీ జంపర్ తీగలతో జత చేసి సెల్ఫ్ కొట్టాం. వేగం 212 నుంచి 236కు పెరిగింది, ఒకటో సిలిండర్ 156 నుంచి 161కి వచ్చింది. వేడి ఇంజిన్ వేగం 248 కాబట్టి ఇరవైలో ఏడెనిమిది పీఎస్‌ఐ వేగానిది, మిగిలింది వేడిది అని నేను తీసుకున్నాను. బలహీనమైన బ్యాటరీతో చలిలో కంప్రెషన్ చూసి ఇంజిన్ మొత్తం అరిగిందని తీర్పు చెప్పేవారు ఈ రెండు నష్టాలనూ కలిపి రింగుల ఖాతాలో రాస్తున్నారు. నాలుగు సిలిండర్లూ ఒకేలా తక్కువ చూపినప్పుడు ఇంజిన్‌ను అనుమానించే ముందు థర్మామీటరునూ బ్యాటరీనీ అడగాలి.

మన ఊళ్ల సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మంచు దేశాల్లో చలికాలపు తెల్లవారి చల్లటి ఇంజిన్ అంటే సున్నాకు దగ్గర. మనకు సంక్రాంతి రోజుల తెల్లవారుజామున ఇరవై, మే నెల తెల్లవారుజామున ముప్పై. అందుకని మన చలి పరీక్షకూ వేడి పరీక్షకూ మధ్య ఎడం వాళ్లదంత ఉండదు, మే నెలలో ఇంకా తగ్గుతుంది. ఆ ఎడమే కదా రోగం చూపించేది. ఇలాంటి బండి మే మధ్యాహ్నం వస్తే, నీడలో రెండు గంటలు ఆపినా అది చల్లటి ఇంజిన్ కాదు. రాత్రంతా ఉంచాల్సిందే.

మిగిలిన అరవై మూడు

మూడో సిలిండర్‌లో ఎనభై మూడు పెరిగితే అందులో ఇరవై అందరిదీ. మిగిలిన అరవై మూడు ఆ సిలిండర్ సొంతం. వేడెక్కితే మూసుకునే సందు ఏదో అందులో ఉంది.

రింగులను ముందుగా తప్పించాలనుకున్నాను. రెండో ఉదయం చల్లటి ఇంజిన్ మీద రెండు, మూడు సిలిండర్లలో సిరంజితో కొలిచి మూడేసి మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోశాను. రెండోది 154 నుంచి 170కి, మూడోది 86 నుంచి 95కు వచ్చాయి. బాగున్న సిలిండర్‌లో ఎందుకు పోయాలో చెబుతాను. ఒక్కో సిలిండర్ సుమారు 299 సీసీ, నిష్పత్తి పది అయితే దహన గది 33 సీసీలే. మూడు మిల్లీలీటర్ల నూనె ఆ గదిలో పదకొండో వంతును తినేస్తుంది, రింగులకూ దీనికీ సంబంధం లేకుండానే అంకె పెరుగుతుంది. కొలత లేకుండా డబ్బా వంచి పోసి, అంకె పెరిగింది కాబట్టి రింగులు పోయాయని చెప్పడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. మా బండిలో బాగున్నదీ జబ్బుదీ దాదాపు ఒకే నిష్పత్తిలో పెరిగాయి. రింగులు నిర్దోషులు.

తరువాత కంప్రెసర్ గాలితో లీక్ పరీక్ష చేశాం. పిస్టన్‌ను కంప్రెషన్ చివరి పై స్థానానికి తెచ్చి, క్రాంక్ తిరగకుండా కట్టడి చేసి 100 పీఎస్‌ఐ గాలి ఇస్తే, చల్లటి ఇంజిన్‌లో మిగతా మూడు సిలిండర్లు తొమ్మిది నుంచి పదకొండు శాతం వదిలాయి, మూడోది ముప్పై ఎనిమిది శాతం వదిలింది. చెవి పెట్టి విన్నాం. నూనె పోసే మూత దగ్గర చప్పుడు లేదు, రేడియేటర్‌లో బుడగలు లేవు, సైలెన్సర్ గొట్టంలో మాత్రం స్పష్టంగా బుస్సుమంటోంది. ఇంజిన్ వేడి చేసి మళ్లీ గాలి ఇస్తే అది పద్నాలుగు శాతానికి దిగింది, బుస కూడా సన్నగిల్లింది. చలిలో మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు వేడిలో మూసుకుంటోంది.

చాలామందికి ఇక్కడ సందేహం వస్తుంది. వేడికి వాల్వు కాడ పొడుగవుతుంది, టాపెట్ సందు (క్యామ్‌కూ, వాల్వును నొక్కే టాపెట్‌కూ మధ్య ఖాళీ) తగ్గాలి, మరి వాల్వు వేడిలో ఇంకా తెరుచుకోవాలి కదా అని. నడుస్తున్న ఇంజిన్‌లో, పూర్తి బరువు మీద, ఎగ్జాస్ట్ వాల్వు హెడ్డు కన్నా ఎన్నో వందల డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉన్నప్పుడు ఆ మాట నిజం. ఇంజిన్ ఆపాక వాల్వు త్వరగానే హెడ్డు వేడికి దిగివస్తుంది. అప్పుడు రెండూ ఒకే వేడి మీద ఉంటాయి, అల్యూమినియం ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ హెడ్డు మీదే కూర్చున్న ఇంజిన్‌లో, వాల్వు వచ్చి ఆనుకునే సీటుకూ క్యామ్‌కూ మధ్య దూరం ఇంచుమించు వంద మిల్లీమీటర్లు అనుకుందాం. 22 నుంచి 88 డిగ్రీలకు వెళ్తే అల్యూమినియం సుమారు 0.15 మి.మీ. సాగుతుంది, వాల్వు ఉక్కు 0.08 నుంచి 0.11 దాకా సాగుతుంది. తేడా 0.04 నుంచి 0.07 మి.మీ. టాపెట్ సందుకు కలుస్తుంది. అల్యూమినియం హెడ్డు ఉన్న కొన్ని ఇంజిన్ల మాన్యువళ్లు చల్లటి ఇంజిన్‌కు ఒక సందు, వేడి ఇంజిన్‌కు అంతకన్నా పెద్ద సందు ఇవ్వడానికి కారణం ఇదే. హైడ్రాలిక్ టాపెట్లు ఉన్న ఇంజిన్‌లో ఈ సందును నూనె పీడనం భర్తీ చేస్తుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతిలో వెతకకూడదు.

టాపెట్ కవరు విప్పాక

మూడో ఉదయం, మళ్లీ 22 డిగ్రీల దగ్గరే, కవరు విప్పి క్యామ్ ముక్కు పైకి ఉన్నప్పుడు ఫీలర్ గేజీతో (సన్నటి రేకుల కొలమానంతో) పదహారు సందులూ కొలిచాం. ఇన్‌టేక్ వైపు అన్నీ హద్దులో ఉన్నాయి. ఎగ్జాస్ట్ వైపు మాన్యువల్ అడిగేది 0.25 మి.మీ. ఒకటో సిలిండర్‌లో 0.17, 0.16, రెండులో 0.15, 0.18, నాలుగులో 0.16, 0.14 ఉన్నాయి. మూడులో ఒకటి 0.09, రెండోదానిలోకి మా దగ్గరున్న అన్నిటికన్నా సన్నటి రేకు కూడా దూరలేదు.

అన్ని ఎగ్జాస్ట్ సందులూ ఒకే దిక్కుకు తగ్గాయంటే టాపెట్లు కాదు, సీట్లు అరిగి వాల్వులు హెడ్డులోకి దిగబడుతున్నాయని అర్థం. సీఎన్‌జీ పొడి ఇంధనం. పెట్రోల్‌లో సీసం ఉన్న రోజుల్లో ఆ సీసమే వాల్వుకూ సీటుకూ మధ్య పూతలా నిలిచేది. సీసం ఉన్న పెట్రోల్ 2000లో దేశమంతటా ఆగిపోయాక గట్టి సీట్లు వచ్చాయి, కంపెనీ నుంచి సీఎన్‌జీతో వచ్చే ఇంజిన్లకు గ్యాస్‌ను తట్టుకునే సీట్లు వేస్తారు. బయట కిట్టు వేసిన పెట్రోల్ ఇంజిన్‌కు ఆ రక్షణ ఉండదు. ఎనభై వేల కిలోమీటర్లు గ్యాస్ మీద తిరిగి, ఒక్కసారీ టాపెట్లు చూపించని బండిలో ఇది జరగడంలో ఆశ్చర్యం లేదు. వేసవిలో మిస్సింగ్ లేకపోవడానికి అప్పటికి అరుగుదల ఇంత ముదరకపోవడం ఒక కారణం, తెల్లవారి ఇంజిన్ ముప్పైకి బాగా కిందికి దిగకపోవడం మరొకటి.

ఈ ఇంజిన్‌లో మర తిప్పి సందు సరిచేసే వీలు లేదు. వేర్వేరు మందాల బకెట్ టాపెట్లు మార్చాలి. పాత టాపెట్ మందానికి ఉన్న సందు కలిపి, కావలసిన సందు తీసేస్తే కొత్త టాపెట్ మందం వస్తుంది. సందు సున్నా అయినచోట ఈ లెక్క మోసం చేస్తుంది, ఎందుకంటే రేకు దూరకపోవడం అన్నది సున్నానూ చూపుతుంది, సున్నా కన్నా తక్కువనూ చూపుతుంది. సున్నా అనుకుని లెక్కవేస్తే వాల్వు ఎంత తెరుచుకుని ఉందో ఆ మేరకు కొత్త టాపెట్ మందంగా వచ్చి పని మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని మూడో సిలిండర్‌లోని 3.12 మి.మీ. టాపెట్ తీసి, 2.90 ది తాత్కాలికంగా వేసి, క్యామ్ బిగించి మళ్లీ కొలిచాం. సందు 0.19 వచ్చింది. అంటే పాత టాపెట్‌తో అసలు సందు సున్నాకు 0.03 తక్కువ. వాల్వు 0.03 మి.మీ. తెరుచుకునే ఉంది. కావలసిన మందం 2.84 అని తేలింది.

ఆ 0.03ను ఉష్ణోగ్రతల పక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఎంతో తృప్తి కలిగింది. 88 డిగ్రీల దగ్గర సుమారు 0.06 కలిస్తే వాల్వు పూర్తిగా కూర్చుంటుంది, 169 వచ్చింది. 60 డిగ్రీల దగ్గర 0.03 చిల్లర కలిస్తే అది తాకీ తాకనట్టు ఉంటుంది, 140 వచ్చింది. చలిలో తెరుచుకునే ఉంటుంది, 86 వచ్చింది. ఎనిమిది ఎగ్జాస్ట్ టాపెట్లనూ మైక్రోమీటర్‌తో కొలిచి, కొన్నిటిని ఒకదాని స్థానంలోకి మరొకదాన్ని మార్చి, ఐదింటిని కొత్తవి తెచ్చి 0.25కు తెచ్చాం.

హెడ్డు దించాలా వద్దా

టాపెట్లు వేశాక చల్లటి ఇంజిన్ మీద 157, 155, 148, 158 వచ్చాయి. వేడి మీద 177, 175, 170, 178. మూడో సిలిండర్ లీకు చలిలో పదిహేను శాతం, అంటే మిగతావాటికన్నా ఇంకా నాలుగైదు ఎక్కువ. నెలా పదిహేను రోజులు సరిగ్గా మూసుకోకుండా పనిచేసిన వాల్వు ముఖం మీద చిన్న మచ్చలు పడి ఉంటాయని నా అంచనా.

మాస్టారితో దాచకుండా చెప్పాను. హెడ్డు దించి ఆ వాల్వు ల్యాపింగ్ (సీటుకు సరిగ్గా అంటేలా నూరడం) చేయిస్తే ఆ నాలుగైదు శాతం కూడా పోతుంది. కానీ చలిలో చూసినా వేడిలో చూసినా మూడోదానికీ మిగతావాటికీ తేడా ఇప్పుడు పది పీఎస్‌ఐ దాటడం లేదు, మిస్సింగ్ లేదు, రింగులు గట్టిగా ఉన్నాయి. ఇంత మాత్రానికి హెడ్డు దించమని నేను అడగలేదు. వేడెక్కాక బాగానే ఉంటోంది కాబట్టి మొదటే ఇలా వదిలేయవచ్చు కదా అని ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం గట్టిగా కాదన్నాను. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో దాదాపు ముప్పాతిక వంతును సీటుకు తగిలి ఉన్న కాసేపట్లోనే వదిలించుకుంటుంది. సందు లేని వాల్వు హైవే మీద బరువుతో పోతున్నప్పుడు పొడుగై సీటును వదిలేస్తుంది, వేడి పోయే దారి మూసుకుపోతుంది, అంచు కాలి చీలుతుంది. అప్పుడు ఏ ఉష్ణోగ్రతలో చూసినా గేజీ లేవదు, హెడ్డు దించడం తప్పదు. ఈ బండి ఆ స్థితికి వెళ్లే దారిలోనే ఉంది.

ఆరు వేల కిలోమీటర్ల తరువాత, మే నెలలో, ఆయన మళ్లీ వచ్చారు. రాత్రి బండి ఉంచుకుని ఉదయం 31 డిగ్రీల దగ్గర చూస్తే 160, 158, 152, 161 వచ్చాయి. నాలుగు సిలిండర్లలోనూ ఆ మూడు నాలుగు పీఎస్‌ఐ పెరుగుదల వాతావరణానిది, మా పనిది కాదని ఆయనకు చెప్పి కాగితం మీద 31 డిగ్రీలు, సెల్ఫ్ 219 ఆర్‌పీఎం అని అంకెల పక్కనే రాసిచ్చాను. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ సందు 0.25 నుంచి 0.23కు దిగింది. ఆ వేగంతో పోతే ఇంకో యాభై వేల కిలోమీటర్లకు మళ్లీ ప్రమాదపు అంచుకు వస్తుంది. అందుకని ప్రతి పదిహేను వేలకు ఒకసారి, చల్లటి ఇంజిన్ మీద టాపెట్లు కొలవాలని ఆయన సర్వీసు పుస్తకంలో రాసి, బండి అప్పగించాను.